నూట యాభై మిల్లీమీటర్ల ఫోర్కు

ఫిబ్రవరి మొదటి సోమవారం ఉదయం ఇడ్లీలు తింటూ మోహనకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలేజీకి వెళ్లే దారిలో జోగయ్య దుకాణం దగ్గర ఆగి, కొరియర్‌లో వచ్చిన కొత్త ఫోర్కును సైకిలుకు బిగించమని ఇచ్చెయ్యాలి. ఆదివారం కొత్తవలస అవతలి కొండ ఎక్కే వేళకు సైకిలు సిద్ధంగా ఉంటుంది. అంతే.

మోహనకృష్ణ విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. నలభై నాలుగేళ్లవాడు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఊళ్లోని సైకిళ్ల బృందంతో కలిసి కొండదారులు తొక్కుతున్నాడు. అతనిది వెనక స్ప్రింగు లేని రకం సైకిలు. గతుకుల దెబ్బను కాచుకునేది ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగు ఫోర్కు ఒక్కటే. అది ఎంత లోతు కుంగి లేస్తుందో ఆ కొలతను ట్రావెల్ అంటారు. అతని సైకిలుతో వచ్చిన ఫోర్కుది వంద మిల్లీమీటర్లు. దానితో రెండేళ్లు సుఖంగానే తిరిగాడు గానీ, బృందంలో మందులషాపు వినోద్ నూట ఇరవై వేయించుకున్న రోజునుంచి అతనికి మనశ్శాంతి లేదు. కుంగే దూరం పెరిగితే చేతులకు తగిలే దెబ్బ తగ్గుతుందని టీకొట్టు దగ్గర కాగితం మీద లెక్కవేసి అందరికీ పాఠం చెప్పింది తనే. ఆ లెక్క ప్రకారమే ఇప్పుడు నూట యాభై తెప్పించాడు.

కోట దగ్గర ముప్ఫై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్న జోగయ్య మాత్రం ఆ సంగతి విన్న రోజే తల అడ్డంగా ఊపాడు.

"ఈ సట్రం వందకి కట్టింది బాబూ. మా అయితే నూటిరవై. నూటేబై ఎట్టేవంటే ముందు లెగిసిపోతాది. ఎత్తెక్కినప్పుడు సక్రం నేల మీద నిలబడదు."

"జోగయ్యా, నేను పిల్లలకి చెప్పేదే ఇది" అన్నాడు మోహనకృష్ణ. జోగయ్య చేతిలోని పంక్చరు ట్యూబు మీదికి వంగాడు.

చిక్కు దుకాణంలో రాలేదు, ఇంట్లోనే వచ్చింది. ఇడ్లీల పళ్లెం పక్కన అట్టపెట్టె చూసి అతని భార్య దుర్గాభవాని, "ఉన్నదానికేటయిందండీ?" అని అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. వినోద్‌ది నూట ఇరవై కాబట్టి తనకు నూట యాభై కావాలని భార్యతో ఎలా చెప్పాలో మోహనకృష్ణకు తోచలేదు. తోచక, కుడి మణికట్టు ఒకసారి పట్టుకుని చూసుకున్నాడు.

"గతుకులకి చెయ్యి నొప్పెడుతోంది. డాక్టరు దెబ్బ తగలనిది వేయించుకోమన్నాడు."

అతను కాలేజీ నుంచి తిరిగొచ్చేసరికి బల్ల మీద నొప్పికట్టు గుడ్డ ఉంది. దుర్గాభవాని దాన్ని అతని మణికట్టుకు వేళ్లదాకా చుట్టి, పిన్ను పెట్టింది. ఇన్నాళ్లూ చెప్పకుండా నొప్పి ఓర్చుకున్నందుకు రెండు మాటలు కూడా అంది. అప్పుడే నిజం చెప్పేస్తే ఒక్క నవ్వుతో పోయేది. కానీ ఆమె అంత శ్రద్ధగా చుడుతుంటే చెప్పడానికి సిగ్గేసింది. రెండు రోజుల్లో తగ్గిపోయిందని చెబితే సరిపోతుందనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి, కూతురి ఫోన్ అందుకుని, శ్రీముఖలింగం నుంచి రెండు బస్సులు మారి అత్తగారు కూర్మమ్మ దిగింది. చేతిలో పచ్చడి జాడీ. జాడీలో వావిలాకు, వెల్లుల్లి వేసి ఆమె స్వయంగా కాచిన నువ్వులనూనె. పూటకు అరగంట చొప్పున రెండు పూటలా అల్లుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని మర్దనా చేసేది. డెబ్బై ఏళ్ల మనిషి. నడుం పట్టేసినా లేచేది కాదు. అన్నం కూడా తనే కలిపి చెంచా వేసి ఇచ్చేది.

"నొప్పేస్తే సెప్పండి అల్లుడుగారూ. మొగమాటపడకండి" అనేది.

నొప్పి లేదని రెండో రోజే చెప్పి చూశాడు మోహనకృష్ణ. తన ముసలి చేతుల కష్టం చూడలేక అలా అంటున్నాడని ఆమె కళ్లు తుడుచుకుని, మరో పది నిమిషాలు ఎక్కువ రుద్దింది. అతను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

ఈలోగా దుర్గాభవాని కూరగాయల బండి దగ్గర కనిపించిన ప్రిన్సిపల్ జగన్నాధం గారికి విషయం చెప్పింది. అవి ప్రాక్టికల్ పరీక్షల రోజులు. పూటకు మూడు గంటలు లేబొరేటరీలో నిలబడి పిల్లల చేత ప్రయోగాలు చేయించడం మోహనకృష్ణ పని. జగన్నాధం గారు అతన్ని ఆ పనినుంచి తప్పించి, వేరే మనిషి దొరక్క, తనే వెళ్లి నిలబడ్డారు. ఆయనకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. గురువారం మెట్లు దిగుతూ, గోడ పట్టుకుని ఒక్కో మెట్టు మీదా ఆగుతున్న ఆయన్ని చూసి మోహనకృష్ణ ఆగలేకపోయాడు. దగ్గరికి వెళ్లి, తన చెయ్యి బాగానే ఉంది, రేపటినుంచి తనే చూసుకుంటానన్నాడు.

"మీరలాగే అంటారు. రెస్టు తీసుకోండి మాస్టారూ. నాకు నాలుగు నెలల్లో రిటైర్మెంటు, మీకింకా చాలా సర్వీసుంది" అన్నారాయన.

ఆ రాత్రి మోహనకృష్ణకు అన్నం సహించలేదు. నొప్పి ఎక్కువైందేమోనని కూర్మమ్మ నూనె మళ్లీ వేడిచేసింది.

ఇంత జరిగినా ఆదివారం కొండ మానెయ్యాలని మాత్రం అతనికి అనిపించలేదు. తర్వాత తలుచుకుని అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడింది దీనికే. ఊరికే కూర్చుని చూసి వస్తానని ఇంట్లో చెప్పి, సైకిలును జోగయ్య దుకాణం నుంచే వినోద్ జీపులో వేయించాడు. కొండ కింద దిగగానే కట్టు విప్పి జేబులో కుక్కుకున్నాడు. కొత్త ఫోర్కుతో సైకిలు ముందువైపు బాగా లేచి, అందరి సైకిళ్ల కంటే ఎత్తుగా కనిపించింది. వినోద్ చూసి, "బాగుంది మాస్టారూ" అన్నాడు. వారమంతా పడిన బాధ ఆ ఒక్క మాటతో చల్లారింది.

జీడితోటల మధ్య మట్టిదారి మొదట మెల్లగా ఎక్కుతుంది. అక్కడి గతుకులు నిజంగానే చేతికి తెలియలేదు. వెనక్కి తిరిగి ఆ మాట నలుగురికీ చెప్పాడు కూడా. తర్వాత దారి నిటారుగా లేచింది. అతను గట్టిగా తొక్కాడు. ముందు చక్రం నేల విడిచింది. ఒకసారి దించాడు. మళ్లీ లేచింది. మూడోసారి చక్రం లేచి, అటూ ఇటూ ఊగి, అతన్ని వెనక్కి పడేసింది. పడుతూ ఎడమ చెయ్యి ఆనించాడు. లోపల పుల్ల విరిగినట్టు చప్పుడైంది.

వినోద్ పరుగున వచ్చి, జేబులోంచి వేలాడుతున్న గుడ్డ చూసి, వాస్తున్న ఎడమ మణికట్టుకు కట్టబోయాడు.

"దానికి కాదు, కుడిదానికి" అన్నాడు మోహనకృష్ణ.

"ఇరిగింది ఇది కదా మాస్టారూ."

"ముందు కుడిదానికి కట్టవయ్యా. ఇంట్లోవాళ్లు ఆస్పత్రికొస్తారు."

వినోద్ అతని మొహంలోకి ఒకసారి చూసి, బాగున్న చేతికి కట్టు కట్టాడు.

విజయనగరం ఆస్పత్రికి దుర్గాభవాని, కూర్మమ్మ వచ్చారు. కబురు తెలిసి జగన్నాధం గారు కూడా కుంటుకుంటూ వచ్చారు. డ్యూటీ డాక్టరు కట్టున్న చెయ్యి చూసి, దానికే ఎక్స్‌రే రాసిచ్చాడు. ఎడమ చెయ్యి పొట్టకు అదుముకుని మోహనకృష్ణ వెళ్లి కుడిచేతి ఎక్స్‌రే తీయించుకొచ్చాడు. డాక్టరు ఫిల్ము వెలుతురుకి పెట్టి, ఈ చేతికి చిన్న గీత కూడా లేదని ఆశ్చర్యపోయాడు.

మోహనకృష్ణ ఎడమ చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. కుడి చేతికి ఏమీ కాలేదనీ, ఎప్పుడూ ఏమీ కాలేదనీ, విరిగింది ఎడమదనీ చెప్పాడు. డాక్టరు చెప్పాడని ఆ సోమవారం అన్నది అబద్ధమని, ఫోర్కు కోసం కల్పించానని, చివరికి వినోద్ నూట ఇరవై సంగతి కూడా చెప్పేశాడు. చెప్పడం అయ్యాక తల ఎత్తలేకపోయాడు.

కూర్మమ్మ ఎక్స్‌రే వంక చేతులు జోడించింది.

"సూసేరా, అయిదు రోజుల్లో గీతైనా లేకుండా పోనాది. నా నూనె అలాటిది."

"నూనెతో తగ్గడానికి అసలు నొప్పే లేదత్తయ్యా" అన్నాడు మోహనకృష్ణ.

అప్పుడు దుర్గాభవానికి కోపం వచ్చింది. "నొప్పి లేదని అబద్దమాడతారు గానీ మా అమ్మ మందుకి పేరొస్తే ఓర్సుకోలేరా?" అంది. జగన్నాధం గారు ఆమెను వారించి, నొప్పిలో ఉన్నవాళ్ల మాట పట్టించుకోకూడదన్నారు. తర్వాత కూర్మమ్మ పక్కకు జరిగి, ఆ నూనె మోకాళ్లకు కూడా పనిచేస్తుందా అని నెమ్మదిగా అడిగారు.

ఎడమ చేతికి పిండికట్టు వేయించుకుని ఇంటికి చేరిన మోహనకృష్ణను ఆ వారమంతా వీధివాళ్లు చూడటానికొచ్చారు. విరిగిన చేతిని కాదు. కూర్మమ్మ అతని కుడి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూపించేది. వచ్చినవాళ్లు మణికట్టు నొక్కి చూసి, నూనె కోసం ఖాళీ సీసాలు ఇచ్చి వెళ్లేవారు. అతను ప్రతి ఒక్కరికీ నిజం చెప్పాడు. ప్రతి ఒక్కరూ అత్తగారి వైపే జాలిగా చూశారు. కాలేజీకి వెళ్లిన రోజు జగన్నాధం గారు మెట్లు చకచకా దిగి చూపించి, సైన్సు దినోత్సవం నాడు ఆ నూనె మీద పిల్లలకు పది నిమిషాలు చెప్పమన్నారు.

ఆ సాయంత్రం అతను జోగయ్య దుకాణానికి వెళ్లాడు. పాత ఫోర్కు మళ్లీ వెయ్యమని నేల చూస్తూ చెప్పాడు. మాట విననందుకు క్షమించమన్నాడు. మణికట్టు సంగతీ మొదటినుంచీ చెప్పాడు.

జోగయ్య పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "తెలుసు బాబూ. సోమారం నాడు ఆ ఫోర్కు పెట్టె ఒంటిసేత్తో ఎత్తి నాకిచ్చేరు. అదీ కుడిసేత్తోనే. నొప్పున్నోడు అలా ఎత్తుతాడా ఏటి?"

వారం రోజుల్లో తన మాట నమ్మిన మనిషి ఇతనొక్కడే. మోహనకృష్ణ తలూపి మెట్టు దిగాడు.

"బాబూ" అని వెనకనుంచి పిలిచి, భుజం రుద్దుకుంటూ జోగయ్య, ఇంట్లో ఆ నూనె చిన్న సీసాడు మిగిలి ఉంటుందా అని అడిగాడు.