పక్కగూట్లో పాప ఫొటోలు

ఆ ఉదయం ఇల్లాలి పథకం చాలా చిన్నది: ఆయన స్నానానికి వెళ్లగానే పాపకు గోళ్లు కత్తిరించాలి. ఆయన పథకం పెద్దది. డిస్కులను సర్దే కొత్త ప్రోగ్రామ్‌ను పదింటికి మేనేజరుకు వీడియోలో చూపించి, ఔననిపించుకోవాలి.

గోళ్ల కత్తెర కోసం ఆయన బల్ల దగ్గరికి వెళ్లి, తెర చూసి కొయ్యబారిపోయింది. రెండు డిస్కుల బొమ్మలు. ఎడమదాంట్లో "పాప ఫొటోలు" అనే అర. దాని మీద ఎర్రగా, "తుడిచివేయాలి".

స్నానాలగది తలుపు దబదబా బాదింది. "ఏమండీ! ఎడమవైపుది తుడిచేస్తారా?"

"ఆఁ, పదింటికి! ఏమీ ముట్టుకోకు!" సబ్బు నురగలోంచి జవాబు.

పాప మొదటి నవ్వు, మొదటి పన్ను, మొదటి అడుగు, అన్నీ అందులోనే. కాగితం మీద ఒక్కటీ లేదు. ఏడుస్తూ అత్తగారి దగ్గరికి పరుగెత్తింది.

"ఏడుస్తావేమిటే పిచ్చిదానా! ఎడమగూడు తుడుస్తాడంటే అందులోది తీసి కుడిగూట్లో పెట్టు. అలమారకి చీమలు పడితే నేను చేసేది అదేగా?"

బల్ల మీది పెట్టెలో రెండు గూళ్లు, రెండు డిస్కులు. అత్త పాపను చంకనేసుకుని కాపలా కాసింది. కోడలు చటుక్కున రెండింటినీ అటుదిటు, ఇటుదటు చేసేసింది. ఆ సంబరంలో ఇద్దరూ కలిసి పాపను ముద్దులతో ఉక్కిరిబిక్కిరి చేశారు.

పదింటికి ఆయన పైన కోటు, కింద తువాలుతో కూర్చున్నాడు.

"డిస్కు ఒక బీరువా అనుకోండి సార్. పార్టిషన్లు దాని అరలు. ప్రతి అరకీ తన బీరువా ఏదో తెలుసు, ప్రతి బీరువాకీ తన నంబరు తెలుసు. మా పాప ఫొటోల్ని నిన్ననే కొత్త డిస్కులోకి చేర్చేశా. ఇప్పుడు పాతది తుడిచేస్తున్నా."

తలుపు వెనక వింటున్న కోడలికి అప్పుడు తెలిసింది. అంటే ఫొటోలున్నది కుడిదాంట్లో! దాన్ని తన చేతులతోనే తెచ్చి ఎడమగూట్లో పెట్టింది!

"ఆగండీ!" అంటూ దూసుకొచ్చింది. అప్పటికే ఆయన మీట నొక్కేశాడు. తెర నల్లబడింది. అత్తగారు పాప కళ్లు మూసింది.

మెల్లగా అక్షరాలు వచ్చాయి: "ఈ గూట్లో ఉన్నది తుడవమన్న డిస్కు కాదు. తుడవను."

"మార్చిందెవరయ్యా?" అన్నాడు మేనేజరు.

"నేనేనండీ," అంది ఇల్లాలు కళ్లు తుడుచుకుంటూ.

"ఏమయ్యా, గూడు నంబరు చాలు, డిస్కు నంబరు చూడటం దండగ, తీసెయ్యమన్నాను కదా?"

"తీరిక దొరకలేదు సార్."

మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇకమీదటా దొరకనివ్వకు. ప్రోగ్రామ్ ఖాయం! వచ్చే ప్రోగ్రామ్‌ను కూడా మీ ఆవిడ చేతే పరీక్ష చేయించు."

మర్నాటి నుంచి ఆయన స్నానానికి వెళ్తూ డిస్కుల పెట్టెను కూడా వెంట తీసుకెళ్తున్నాడు.