షో-కో-లా

మహిపాల్‌కు తెల్లవారగానే ముందు అనుమానం పుడుతుంది, తరువాతే ఆకలి వేస్తుంది. పంజగుట్టలో అతనిది కళ్లద్దాల దుకాణం. వచ్చినవాళ్ల చూపును కూడా నమ్మడు.

ఆ వారమంతా భార్య రవళి వంటింట్లో పప్పు డబ్బా మీద దరువు వేస్తూ గొణుగుతోంది. షో... కో... లా. ముక్కకో దెబ్బ. అతను గుమ్మంలోకి రాగానే ఆపేస్తుంది.

ఏమిటది అంటే గొంతు కసరత్తు అంది. ఎవరికోసం అంటే నవ్వింది. ఆ నవ్వుతో అతని నిద్ర ఎగిరిపోయింది. ఎవడో ఈమెకు విదేశీ భాష నేర్పుతున్నాడు. వాడితో ఈమె విమానం ఎక్కేస్తుంది. ఇక తన అన్నం తానే వండుకోవాలి. మహిపాల్ దుఃఖం సరిగ్గా అక్కడికొచ్చి ఆగింది.

సాయంత్రం ఆమె వెనకే అమీర్‌పేట వెళ్లాడు. ఆమె ఓ కోచింగ్ సెంటర్ మెట్లెక్కింది. కింద కరపత్రాలు పంచేవాడు ఇతన్ని పట్టుకుని, డెమో క్లాసు ఉచితం, ఊరికే కూర్చుని చూడమన్నాడు. నిఘాకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. మాస్కు తగిలించుకుని, పేరు దుర్గేష్ అని చెప్పి, చివరి బల్ల మీద కూర్చున్నాడు.

రవళి ముందు వరుసలో ఉంది. ఆమె పక్క కుర్చీ ఖాళీ. వాడింకా రాలేదన్నమాట అనుకున్నాడు.

ఫ్రెంచ్ చెప్పే అనుపమ బోర్డు మీద చాక్లెట్‌ను ఫ్రెంచ్‌లో రాసింది. ముక్కకోసారి చప్పట్లు కొట్టాలని, చివరి హల్లు పలకకూడదని చెప్పి, కొత్తాయనను లేపింది. మహిపాల్ షో-కో-లా-ట్ అంటూ నాలుగు చప్పట్లు కొట్టాడు. నాలుగోదానికి బల్ల అదిరింది.

"ఆ చివరిది వదిలేయండి, దుర్గేష్ గారూ."

రవళి వెనక్కి తిరగలేదు. "వదలడు మేడం. ఇంట్ల సుత ఆఖరి మాట ఆయనదే. పేరు మహిపాల్. నేను చెప్పిన గద, వస్తడని."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. వాటికి ముక్కల లెక్క లేదు.

అనుపమ ఖాళీ కుర్చీ చూపించింది. మహిపాల్ పోయి కూర్చుని, పళ్లు కొరుకుతూ అడిగాడు.

"విమానం ఎక్కుతవా?"

"మెట్రో ఎక్కుత. వచ్చే వారం పరీక్ష. పాసైతే ఆఫీసుల ఉద్యోగం. ఇంట్ల నాతోని ఫ్రెంచ్‌ల మాట్లాడెటోడు ఒకడు గావాలె."

"నన్ను అడిగితే రానా?"

"అడిగితే ఎన్నడన్న వచ్చినవా? అనుమానమొస్తెనే నువ్వు దుకాణం నుంచి కదులుతవ్. గందుకే గా డబ్బా కొట్టుడు."

మహిపాల్ నోరు తెరిచాడు. రవళి బోర్డు వైపు వేలు చూపించింది.

అతను హల్లుతోపాటు అనబోయిన మాటంతా మింగి, బుద్ధిగా మూడే చప్పట్లు కొట్టాడు.