ఓహ్రిద్‌కి ఖర్చు లేని దారి

మంగళవారం పొద్దున దోంచో రొట్టె కొనుక్కురావడానికి బయల్దేరాడు. ష్టిప్‌లోని కుట్టుమిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్లు మిషన్లు బాగుచేసి రిటైరైన మనిషి. చేతిలో సంచి, జేబులో ఒక కాగితం. అది సరస్సు ఒడ్డునున్న ఓహ్రిద్ ఊరికి ప్రయాణం లెక్క.

పెళ్లికి ముందు భార్య వేలికాకి ఆయన ఇచ్చిన మాట ఒక్కటే. ఓహ్రిద్ తీసుకెళ్తాను, సరస్సులో కాళ్లు పెట్టుకుని కూర్చుందాం, కొండ అంచున ఉన్న కనెయో చర్చిలో కొవ్వొత్తి వెలిగిద్దాం అన్నాడు. అందుకని దాచిన డబ్బు ఒకసారి ఫ్రిజ్ అయింది, ఒకసారి కొడుకు కాలేజీ ఫీజు అయింది, రెండుసార్లు ఇంటి కప్పు అయింది. వచ్చే జూన్‌కి పెళ్లయి నలభై ఏళ్లు. మొదట రాసిన లెక్కలో రెండు రాత్రులకు గది, చేపల భోజనం ఉన్నాయి. తర్వాత చేప పోయింది. ఆ తర్వాత గది పోయింది. నిన్న తనను తాను కూడా కొట్టేసుకుని, వేలికా ఒక్కత్తే వెళ్లొచ్చేలా రాశాడు. అది సరిపోయింది. ఆవిడే ఒప్పుకోలేదు.

"నలభై ఏళ్లు నీతో ఉండి సరస్సు ఒక్కదాన్నే చూడాలా? దానికంటే ఇక్కడే బకెట్లో కాళ్లు పెట్టుక్కూర్చుంటాను" అంది.

రొట్టెల కొట్టు ముందున్న కరెంటు స్తంభానికి కొత్త చావు కబురు అంటించి ఉంది. ష్టిప్‌లో జనం పేపరు కంటే ముందు స్తంభాలు చదువుతారు. ఫోటోలో మీసాల పెద్దమనిషి. 'మన పాతపేటలో పుట్టిన మెతోదియా తన డెబ్భై ఎనిమిదో ఏట ఓహ్రిద్‌లో కన్నుమూశారు. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడే ఖననం. వచ్చేవారి కోసం ఉదయం ఆరింటికి కూరగాయల బజారు ముందు నుంచి కుటుంబం బస్సు ఏర్పాటు చేసింది. సాయంత్రం ఐదింటికి తిరుగు ప్రయాణం.'

దోంచో దాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి బస్సు సంగతి మాత్రమే చదివాడు.

"ఎవరీ మెతోదియా?" అని అడిగింది వేలికా, విషయం విన్నాక.

"మన పాతపేటవాడే."

"నీకు తెలుసా?"

"ముఖం ఎక్కడో చూసినట్టే ఉంది."

"ఇందాక స్తంభం మీద చూశావు."

"అది కాదు, విను. మనం ఎక్కినా ఎక్కకపోయినా ఆ బస్సు వెళ్తుంది. పువ్వులు పెడదాం, కొవ్వొత్తి వెలిగిద్దాం. ఆపైన రెండు గంటలు అలా సరస్సు దాకా వెళ్లి, ఐదింటికల్లా బస్సు దగ్గరుందాం. ఎవరికి నష్టం?"

"చావు బస్సులో షికారా! సిగ్గుండాలయ్యా."

దోంచో జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన తన పేరు కొట్టేసుకున్న గీతను వేలికా చాలాసేపు చూసింది.

"చేయాల్సిన మర్యాదంతా చేసిన తర్వాతే సరస్సు" అంది చివరికి.

బుధవారమంతా ఆవిడ గోధుమలు ఉడికించి, పంచదారా అక్రోటు పొడీ కలిపి, పోయినవాళ్ల పేరున పంచే ప్రసాదం తయారుచేసింది. ఒక సీసా వైన్ పెట్టింది. చావుకి పువ్వులు సరి సంఖ్యలోనే ఉండాలి కాబట్టి, దోంచో అలాగే తెచ్చాడా లేదా అని రెండుసార్లు లెక్కపెట్టింది. సంచి అడుగున, నల్ల శాలువా కింద, ఎవరికీ కనబడకుండా రెండు జతల చెప్పులూ, మనవరాలి తువ్వాలూ దాచింది. నారింజరంగు తువ్వాలు. దాని మీద రెండు డాల్ఫిన్లు బంతి ఆడుతుంటాయి.

యాభై సీట్ల బస్సులో తొమ్మిదిమందే ఎక్కారు. మృతుడి మేనల్లుడు ల్యూప్‌చో తలలు లెక్కపెట్టి, ముఖం చిన్నబుచ్చుకుని, నడవకి అవతలి సీట్లో దోంచో పక్కన కూర్చున్నాడు.

"బాబాయ్, మా మావయ్య మీకెలా తెలుసు?"

పాతపేటవాళ్లమని చెప్పి ఊరుకుందామని ఇంటి నుంచి బజారు దాకా అనుకుంటూ వచ్చారు. కానీ ఏ వీధి, ఎవరింటి పక్క అని అడుగుతాడేమోనని దోంచోకి భయమేసింది. ఆ వయసు మగవాళ్లంతా చట్టం ప్రకారం మిలిటరీకి వెళ్లొచ్చినవాళ్లే. దానికి ఎవరూ సాక్ష్యం అడగరు.

"మిలిటరీలో కలిసి ఉన్నాం" అన్నాడు.

ల్యూప్‌చో కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

"మీరేనా! నదిలో కొట్టుకుపోతుంటే జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగిన మిలిటరీ దోస్తు మీరేనా! పండగ భోజనం దగ్గర మావయ్య ఆ కథ చెప్పని ఏడాది లేదు బాబాయ్. పేరు అడిగితే మాత్రం నవ్వి ఊరుకునేవాడు." వెంటనే ఫోన్ తీశాడు. "అత్తా, ఎవరొస్తున్నారో తెలుసా?"

వేలికా భర్త తొడ మీద గిల్లింది. కానీ అవతల ఫోన్లో అప్పటికే ఎవరో ఏడుస్తున్నారు.

"అయితే మీకూ డెబ్భై ఎనిమిది ఉంటాయి కదా బాబాయ్? అస్సలు తెలియట్లేదు."

"ఎర్ర మిరపకాయలు బాగా తింటాను" అన్నాడు అరవై తొమ్మిదేళ్ల దోంచో.

"పిన్నీ, మీరు కూడా వయసుకి చాలా బాగున్నారు."

"నన్నెందుకు ముసలిదాన్ని చేశావు?" అని వేలికా దారిలో ప్రిలెప్ ఊరు దాటేదాకా గొణుగుతూనే ఉంది.

ఓహ్రిద్‌లో ఇంటి గేటు దగ్గర జనం రెండు వరసలుగా నిలబడి ఉన్నారు. చివర నల్లబట్టల్లో చిన్న మనిషి, మెతోదియా భార్య కలియోపా. ఆవిడ దోంచోని చాలాసేపు చూసింది. అవసరానికి మించి చూసింది. తర్వాత దగ్గరికి తీసుకుని, "వచ్చావా తమ్ముడూ. ఇన్నాళ్లకి వచ్చావా" అంది.

ఈలోగా ఆ ఇంటి ముసలమ్మ ఒకావిడ ప్రసాదం గిన్నె కోసం వేలికా సంచి అందుకుంది. గిన్నె తీసింది, శాలువా తీసింది, ఆగిపోయింది.

"శిలువకి కట్టే తువ్వాలు కూడా తెచ్చారర్రా! మనింట్లో ఒక్కరికైనా గుర్తుందా? పాతకాలం మనుషులంటే వీళ్లు!"

"అమ్మా, అది అందుకు కాదు..." అంది వేలికా.

"మొహమాటమెందుకే తల్లీ, రంగుదేముంది? మనసు ముఖ్యం."

సమాధి దగ్గర పాతే కొయ్య శిలువకి తువ్వాలు కట్టేశారు. ఊరేగింపు ముందు శిలువ మోసేది ప్రాణస్నేహితుడు కాక ఇంకెవరు? దోంచో మోశాడు. గాలి వీచినప్పుడల్లా డాల్ఫిన్లు బంతి కోసం ఎగిరాయి. ఫాదర్ ఒకసారి వాటిని చూసి ప్రార్థన ఆపాడు. గొంతు సవరించుకుని మరింత గట్టిగా అందుకున్నాడు.

సమాధి దగ్గర ల్యూప్‌చో, "ఇప్పుడు మావయ్య మిలిటరీ దోస్తు రెండు మాటలు చెప్తారు" అన్నాడు.

"ఏం చెప్తావు?" అంది వేలికా పెదాలు కదపకుండా.

"తెలీదు."

"ఇంకో అబద్ధం మాత్రం ఆడకు."

దోంచో టోపీ తీశాడు. సైప్రస్ చెట్ల మధ్య అరచేయంత నీలం కనబడుతోంది. అదే సరస్సు.

"నేను మాటకారిని కాను, మిషన్లు బాగుచేసేవాణ్ణి" అన్నాడు. "నాకు తెలిసింది ఒక్కటే చెప్తాను. వయసులో ఉండగా మాట ఇస్తాం. తర్వాత ఫ్రిజ్ కొనాల్సి వస్తుంది. ఇంటి కప్పు కారుతుంది. వచ్చే ఏడు చూద్దాం అంటాం. పక్కనున్న మనిషి సరే అంటుంది. ఆవిడ సరే అన్న ప్రతిసారీ మనకింకా బోలెడు టైముంది అనుకుంటాం. అది టైము కాదు. ఆవిడ మంచితనం. మనం ఖర్చుపెట్టింది దాన్నే." శిలువ వైపు తిరిగాడు. "దేవుడు క్షమించుగాక."

ఎవరిని క్షమించాలో ఆయన చెప్పలేదు. మగవాళ్లు ముక్కులు చీదుకున్నారు. వేలికా నీలం వైపు చూడటం మానేసి భర్త వైపు చూసింది.

భోజనాల దగ్గర అందరూ దోంచో గ్లాసే నింపారు. నాలుగయింది. ఆయన లేవబోతే భుజాలు పట్టి కూర్చోబెట్టారు. నాలుగున్నరకి నది కథ చెప్పమని పట్టుబట్టారు. అప్పుడు కలియోపా వచ్చి, "ఆయన్ని కాసేపు నాకు వదలండి" అని ఇద్దరినీ వంటింట్లోకి తీసుకెళ్లి తలుపేసింది.

"నీ వయసెంత తమ్ముడూ?"

"డెబ్భై..."

"నిజం చెప్పు."

"అరవై తొమ్మిది."

"మెతోదియా మిలిటరీకి వెళ్లనే లేదు" అంది కలియోపా. "పేటంతా కలిసి బాజాలతో సాగనంపారు. తీరా వెళ్తే, ఊపిరితిత్తులు బాగాలేవని డాక్టర్లు తిప్పి పంపేశారు. ఏ ముఖం పెట్టుకుని ఇంటికి వెళ్తాడు? ఇక్కడికొచ్చి పడవలకి రంగులేసే పనిలో చేరాడు. ఒకరోజు సరస్సులో పడ్డాడు. ఈత రాదు."

"మరి లాగిన దోస్తు?" అంది వేలికా.

"నేనేనమ్మా. ఆడపిల్ల జుట్టు పట్టుకుని లాగిందని ష్టిప్‌లో చెప్పుకోలేక నన్ను మగాణ్ణి చేశాడు. యాభై ఏళ్లు నా ఎదురుగానే నా గురించి చెప్పుకున్నాడు. నేను వడ్డిస్తూ వినేదాన్ని. పోయాక, ఆ దోస్తు రాలేదేం అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని మూడు రోజులుగా గుబులు. ఇంతలో ల్యూప్‌చో ఫోన్, దోస్తు వస్తున్నాడని!"

దోంచో తలదించుకున్నాడు. "అమ్మా, మేము సరస్సు చూద్దామని... బస్సు ఉందని..."

"ఆ తువ్వాలు చూడగానే తెలిసింది" అంది కలియోపా. మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడ్చింది. వేలికా లేచి ఆవిడ పక్కన కూర్చుంది.

బయట బస్సు హారన్ మోగింది. కలియోపా కళ్లు తుడుచుకుని, కిటికీ తెరిచి కేకేసింది.

"ల్యూప్‌చో! మిలిటరీ దోస్తు ఈ రాత్రికి మనింట్లోనే. మీరు బయల్దేరండి, వాళ్లని రేపు నేను బస్సెక్కిస్తాను!"

ఆ ఇంట్లో జూలై నుంచి టూరిస్టులకి అద్దెకిచ్చే మేడగది మే నెలలో ఖాళీగానే ఉంది. తెల్లవారి ఇద్దరూ కనెయో చర్చికి వెళ్లి రెండు కొవ్వొత్తులు వెలిగించారు, ఒకటి మెతోదియాకి. తర్వాత రాళ్ల మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టారు.

"చల్లగా ఉన్నాయి. తీసేద్దామా?" అన్నాడు దోంచో.

"నలభై ఏళ్లు ఆగాను. కాసేపు ఉండనీ" అంది వేలికా. కాళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు లేదు. ఎండలోనే ఆరబెట్టుకున్నారు.

జూన్‌లో ష్టిప్ స్తంభం మీద మళ్లీ ఆ మీసాల ఫోటో వెలిసింది. పోయిన నలభయ్యో రోజున ఓహ్రిద్‌లో ప్రార్థన. బస్సు ఆరింటికి. కింద, స్మరించుకునేవారు: భార్య కలియోపా, మేనల్లుడు ల్యూప్‌చో, మిలిటరీ దోస్తు దోంచో. ఆరో నెలకూ, ఏడాదికీ కూడా ఇలాగే ఉంటుందని ల్యూప్‌చో ముందే చెప్పాడు.

దోంచో తన పేరు చదువుకుని, జేబులోని కాగితం చింపేసి, రొట్టె కొనుక్కుని ఇంటికెళ్లాడు. వేలికా అప్పటికే సంచి సర్దేసింది. ఈసారి రెండు తువ్వాళ్లు పెట్టింది. ఒకటి తెల్లది, శిలువ కోసం.