సవతికి చలి పడదు

ముక్కోటి ఏకాదశి నాడు చీకటితోనే పాల్వంచలో బయల్దేరి, ఉత్తర ద్వారం తెరిచే వేళకు భద్రాచలంలో ఉండాలన్నది మురళీకృష్ణ పథకం. దూరం పెద్దదేం కాదు. బస్సెక్కితే ఒక కునుకు తీసేలోపు గోదావరి వస్తుంది. కానీ వెళ్లాల్సింది బస్సులో కాదు, సవతిలో.

సవతి అంటే కారు. గుండ్రటి దీపాలు, ముక్కు మీద వెండి గీత, ఆకాశనీలం రంగు. పెళ్లయిన కొత్తలో మురళీకృష్ణ థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు దిగి ఇంటికి రాగానే ముందు కారును తుడిచి, ఆ తర్వాత భార్యను పలకరించేవాడు. ఆ పేరు రాజ్యశ్రీ పెట్టిందే.

సవతికి ఎండ పడదు. వేసవిలో పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి నడిరోడ్డు మీద ఆగుతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి, అది చల్లబడేదాకా కాపలా కాయాలి. చలి కూడా పడదు. చోక్ ఎంత లాగినా నాలుగుసార్లు దగ్గి ముసుగు తన్నేస్తుంది. అందుకని రాజ్యశ్రీ శ్రీరామనవమికి తీసుకెళ్లమంటే, "ఎండల ఆగుతది, ముక్కోటికి పోదాం" అనేవాడు. ముక్కోటి వస్తే, "చలిల లేవది, నవమికి పోదాం" అనేవాడు. ఆమె భద్రాచలం బస్సులో చాలాసార్లు వెళ్లింది. సవతిలో, మొగుడి పక్కన కూర్చుని, ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఇద్దరి జుట్టూ ఈ లోపల తెల్లబడింది.

ఈ ఏడు వాయిదా కుదరదు. దీపావళికి ముందు ఖమ్మంలో రాజ్యశ్రీని చూసిన గుండె డాక్టరు ఆయన్ను పక్కకు పిలిచి, ఈ ముక్కోటి దాటితే పై ఏటి సంగతి తాను చెప్పలేనన్నాడు. రాజ్యశ్రీకి మాత్రం, "ఎండలో తిరగొద్దు, చలిగాలి తగలనివ్వద్దు" అని చెప్పాడు.

"విన్నారా?" అంది ఆమె బయటికి రాగానే. "నా సవతిదీ నాదీ ఒకటే జబ్బు. మందు కూడా ఒక్కచోటే కొనుక్కోవచ్చు."

మురళీకృష్ణ నవ్వాడు. ఇంటికొచ్చాక కారు తుడుస్తూ ఏడ్చాడు.

ముక్కోటి ముందురోజు ఆయన మెకానిక్ జానీ మియాకు ఫోన్ చేశాడు. ఆ కారు లోపలి భాగాలన్నీ జానీ మియా చేతుల్లో ముసలివైనవే.

"పరేషాన్ గాకు సార్," అన్నాడు జానీ మియా. "వెనకట లారీల కింద పెట్టేటోళ్లు గదా, గట్ల పొద్దుగాల్నే ఇంజిన్ కింద బొగ్గుల కుంపటి పెట్టు. పైన మందంగ ఏదన్న కప్పు. పెట్రోల్ ట్యాంకు ఎనక ఉంటది, డర్ నహీ. గంటల గరమైతది. ఒక్క సెల్ఫ్ కొట్టు, లేస్తది."

ఆ మాట ప్రకారమే జరిగింది. కోడి కూయకముందే మురళీకృష్ణ కారును ఇంటి ముందు వీధిలోకి తోసి, ముందు భాగం మీద తెల్ల దుప్పటి కప్పాడు. కింద కుంపటి పెట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని, నేల మీద గొంతుక్కూర్చుని విసరడం మొదలుపెట్టాడు. పచ్చి బొగ్గులు. పొగ కళ్లలోకి కొట్టింది. కళ్లు ఎర్రబడి ధారగా నీళ్లు కారాయి. థర్మల్ చిమ్నీలు కూడా కనపడనంత మంచు కురుస్తోంది.

ఆ మంచులోంచి వాకింగ్‌కు వస్తున్న పొరుగింటి పగిడయ్యకు మూడే మూడు కనిపించాయి. గుమ్మం ముందు నిప్పు. దాని పక్కన తెల్లగుడ్డ కప్పినదేదో. తలకు గుడ్డ చుట్టుకుని కన్నీళ్లు కారుస్తున్న మురళీకృష్ణ. లోపల మనిషికి బాగాలేదని కాలనీ అంతా ఎరుగును. ఇంటి ముందు నిప్పు ఎందుకు పెడతారో తెలుగువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

పగిడయ్య పద్ధతి తెలిసిన మనిషి. చావింట్లో వివరాలు అడగకూడదు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి, కాసేపు నిలబడ్డాడు. చావింటి నుంచి వెళ్తూ వస్తానని కూడా చెప్పకూడదు కాబట్టి, చెప్పకుండానే వెళ్లాడు.

'బండి లేవకపోతే ఈయనకెందుకింత బాధ? మంచోడు' అనుకున్నాడు మురళీకృష్ణ.

మంచోడు వీధి మలుపు తిరగకముందే కాలనీ వాట్సాప్ గ్రూపులో రాజ్యశ్రీ ఫోటో పెట్టేశాడు. కిందటేడు బతుకమ్మ ఫోటో. దాని కింద దండాలు వరస కట్టాయి. మురళీకృష్ణ ఫోన్ లోపల చార్జింగులో ఉంది. రాజ్యశ్రీ స్నానాల గదిలో ఉంది. ఆయాసం వల్ల ఒక్కో చెంబుకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది.

ముందుగా ట్రాలీలో షామియానా, కుర్చీలు దిగాయి.

"ఇవెందుకు?" అన్నాడు మురళీకృష్ణ.

"మీరు కూసోండి సార్. కాలనీ అసోసియేషన్ పంపింది. అంత మేం జూసుకుంటం."

ముక్కోటికి వెళ్తున్నామని ఆయన నలుగురికి చెప్పుకున్న మాట నిజమే. సాగనంపడానికి ఇంత ఏర్పాటా అని మనసు కరిగింది. చాయ్ పెట్టిద్దామంటే వాళ్లు కంగారుగా చేతులు అడ్డం పెట్టారు. అంతలో ఇంకో ఆటో వచ్చింది. అందులోంచి ఇద్దరు మనుషులు పొడుగాటి అద్దాల పెట్టెను దించుతూ, కరెంటు బోర్డు ఎక్కడుందని అడిగారు.

"ఏం పెట్టె ఇది?"

"సల్లగ ఉంచేది సార్."

"సల్లగనా!" మురళీకృష్ణ గావుకేక పెట్టాడు. "పొద్దుగాల నుంచి గరం చేయలేక నేను చస్తుంటే మళ్ల సల్లగనా? తీస్కపోండి! ఇంకో అరగంట నిప్పు తగిలితే లేస్తది!"

పెట్టె తెచ్చినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దుఃఖంలో మనిషికి మతి చలించడం వాళ్ల వృత్తిలో మామూలే. పెట్టెను గోడవార పెట్టి, గౌరవంగా దూరంగా నిలబడ్డారు. ఎవరో పెద్ద పూలదండ తెచ్చి, ఎక్కడ వేయాలో తెలియక, కారు మీది దుప్పటి మీద వేశారు. దూలయ్య డప్పుల బృందంతో వచ్చి, అదే కుంపటి దగ్గర డప్పులు కాచుకోవడం మొదలుపెట్టాడు. 'ఇది కొంచెం ఎక్కువైంది' అని మురళీకృష్ణకు మొదటిసారి అనుమానం వచ్చింది.

అనుమానం ముదిరేలోపు, ఆ ఫోటో అక్కడిదాకా ఎలా పాకిందో, వేంసూరు నుంచి కారు వచ్చి ఆగింది. అందులోంచి రాజ్యశ్రీ అక్క బుల్లెమ్మ దిగింది. దిగడం కాదు, దూకింది. ఆమె ఈ గడప తొక్కి పదిహేనేళ్లయింది. కూతురి పెళ్లినాడు పెళ్లికూతురిని సవతిలో ఎక్కిస్తే, సత్తుపల్లి దాటాక మిట్టమధ్యాహ్నం ఎండలో అది ఆగిపోయి, ముహూర్తం దాటిపోయింది. ఆ రోజు నుంచి చెల్లెలితో మాటల్లేవు. ఇప్పుడు పరుగున వచ్చి, దండ కనపడ్డ చోట తెల్లదుప్పటి మీద పడిపోయింది.

"రాజ్యం! ఒక్కసారి లేవ్వే! నీతో మాట్లాడకుండా ఇన్నేళ్లు ఎట్లా ఉన్నానే పాపిష్టిదాన్ని! ముహూర్తం పోతే పోయింది, పిల్ల సుఖంగానే ఉందే! ఆ ముక్క నీకు చెప్పకపోతినే..."

తలుపు చప్పుడైంది. ముదురాకుపచ్చ పట్టుచీర, తలలో చేమంతులు, భుజాల మీద శాలువా. గుమ్మం పట్టుకుని రాజ్యశ్రీ నిలబడింది.

"ఏందక్కా?" అంది నెమ్మదిగా. "నేనిక్కడుంటే నా సవతి మీద పడి ఏడుస్తున్నావు?"

బుల్లెమ్మ తలెత్తింది. చెల్లెల్ని చూసింది. దుప్పటి లాగి కారును చూసింది. ఆ తర్వాత లేచి వెళ్లి చెల్లెల్ని చెడామడా తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేక, కౌగిలించుకుని భోరుమంది. రాజ్యశ్రీ అక్క వీపు నిమురుతూ పెట్టెను, డప్పులను, షామియానాను ఒక్కొక్కటే పరికించింది.

"ఇంతమంది వస్తారనుకోలేదండీ," అంది మొగుడితో. "పరవాలేదు. నాకు మంచి పేరే ఉంది."

జనంతో పాటు తిరిగొచ్చిన పగిడయ్య తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుంపటి వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇంత గొడవ మధ్య మురళీకృష్ణ కుంపటిని పక్కకు లాగి, కారులోకి దూరి సెల్ఫ్ కొట్టాడు. సవతి దగ్గింది. మళ్లీ కొట్టాడు. మూలిగింది. మూడోసారి అదీ లేదు. ఆయన స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. తూర్పున వెలుగొచ్చేసింది. భద్రాచలంలో ఈపాటికి తలుపులు తెరిచి ఉంటారు.

"లేవదా?" అన్నాడు పగిడయ్య కిటికీ దగ్గరికొచ్చి.

"లేవది."

"దొబ్బుదాం సార్. తప్పు నాది. నేనే దొబ్బుత."

రాజ్యశ్రీని ముందు సీట్లో కూర్చోబెట్టారు. కింద పడ్డ దండను ఎవరో కారు ముక్కుకు తగిలించారు. పగిడయ్య, షామియానావాళ్లు, పెట్టెవాళ్లు, ఆఖరికి బుల్లెమ్మ కూడా వెనక చేరి తోశారు. దూలయ్యకు చేతులు ఊరుకోలేదు. "ఇంత దూరం వచ్చినం గదమ్మా, కొట్టమంటవా?" అని రాజ్యశ్రీనే అడిగాడు.

"కొట్టయ్యా. మళ్లీ వింటానో లేదో."

డప్పులు మోగాయి. శవయాత్రకు వచ్చినవాళ్లంతా చెమటలు కక్కుతూ, కేకలు వేస్తూ తోస్తుంటే, ఎవరికోసం వచ్చారో ఆ మనిషి ముందు సీట్లో కూర్చుని నవ్వుతూ కాలనీ దాటింది. మలుపులో మురళీకృష్ణ రెండో గేరులో క్లచ్ వదిలాడు. సవతి ఒక్క ఎగురు ఎగిరి, నల్లటి పొగను అందరి మొహాల మీద ఊది, లేచింది.

అడవి దారిలో మంచు విచ్చుకుంటోంది. రాజ్యశ్రీ కిటికీ అద్దం రెండు వేళ్లంత దించి, టేకు ఆకుల వాసన పీల్చింది. ఆయన వద్దనలేదు. సారపాక దగ్గర యాత్రికుల బండ్లు బారులు తీరాయి. బారులో నత్తనడక. పైన ఎండ ముదిరింది. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి, సరిగ్గా నడిమధ్యన, పొద్దున చలికి లేవని సవతి వేడికి ఆగిపోయింది.

మురళీకృష్ణ దిగి మూత ఎత్తాడు. ఇంజిన్ కొలిమిలా ఉంది. రాజ్యశ్రీ శాలువా తీసి ఇచ్చింది. తాగేనీళ్లతో తడిపి పంపు మీద చుట్టాడు. వెనక హారన్లు. కానిస్టేబుల్ విజిల్ ఊదుకుంటూ తిట్టడానికే వచ్చి, కారు ముందు వేలాడుతున్న దండను చూసి, టోపీ తీశాడు.

"అయ్యో... ఎవరు సార్ పోయింది?"

రాజ్యశ్రీ చెయ్యి ఎత్తింది. "నేనే బాబూ."

కానిస్టేబుల్ టోపీ పెట్టుకుని, ఇంకేమీ అడగకుండా ట్రాఫిక్‌ను పక్కనుంచి మళ్లించాడు.

మురళీకృష్ణ వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. "ద్వారం మూసే ఉంటరు రాజ్యం. నన్ను మాఫ్ చెయ్."

ఆమె వినడం లేదు. కింద నది సన్నగా, వెండిరేకులా పారుతోంది. ఒడ్డున స్వామి రాత్రి విహరించిన హంస తెప్ప ఖాళీగా ఊగుతోంది. అవతల ఇళ్ల మీదుగా గోపురం కనిపిస్తోంది. చేతులెత్తి దండం పెట్టి, అలాగే చూస్తూ కూర్చుంది.

"బస్సులో ఎన్నిసార్లు దాటానో ఈ వంతెన," అంది చాలాసేపటికి. "చూద్దామనుకునేలోపే అయిపోయేది. ఇది ఆగకపోతే మనల్ని ఇంతసేపు ఎవరు నిలబడనిస్తారండీ?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నా బూడిద కూడా దీంట్లోనే తీసుకురండి."

"గవేం మాటలు? ఎండాకాలమైతే మళ్ల ఇట్లనే ఆగుతది."

"ఆగనివ్వండి. అప్పుడు నాకేం తొందర?"

శాలువా ఆరేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. ఇంటి నుంచి తెచ్చిన అటుకులు తిన్నారు. బుల్లెమ్మ ఏడుపును రాజ్యశ్రీ అనుకరించి చూపితే, ఇద్దరూ కళ్ల నీళ్లొచ్చేలా నవ్వారు. ఆ వంతెన మీద గడిపిన పూటే తమ కాపురం మొత్తంలో మంచి పూట అని మురళీకృష్ణ తర్వాత లెక్క తేల్చుకున్నాడు.

రోహిణి కార్తెలో, రాళ్లు పగిలే ఎండల్లో, ఒక తెల్లవారుజామున రాజ్యశ్రీ నిద్రలోనే వెళ్లిపోయింది.

మురళీకృష్ణ గుమ్మం ముందు తానే నిప్పు పెట్టాడు. వాకింగ్‌కు వచ్చిన పగిడయ్య చూసి, ఈసారి మోసపోనన్నట్టు వేలు ఊపాడు.

"ఏంది సార్, మళ్ల బండికి చలి పెడుతుందా?"

నవ్వుకుంటూ ముందుకు నడిచాడు. మురళీకృష్ణ బుల్లెమ్మకు ఫోన్ చేస్తే, "ఇంకోసారి నేనేడవను మరిదీ, దాన్నే మాట్లాడమను" అని నవ్వింది. ఆయన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాడు. అవతల నవ్వు కొద్దికొద్దిగా సన్నగిల్లి ఆగిపోయింది. వీధి చివర పగిడయ్య కూడా ఆగాడు. తెల్లారకముందే ఒంటికంటుకున్న చొక్కాను చేత్తో తడుముకున్నాడు. ఈ ఉడకలో ఏ బండికి చలి? గిరుక్కున తిరిగి పరుగెత్తుకొచ్చి, ముక్కోటి నాటిలాగే భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి వదిలి వెళ్లలేదు.

అస్థికలు కలిపే రోజున జానీ మియా చీకటితోనే వచ్చి, పంపు చుట్టూ తడి గోనె కట్టి, మంచుగడ్డ కూడా తెచ్చి పెట్టాడు. అయినా బయల్దేరేసరికి ఎండ నెత్తికెక్కింది. మురళీకృష్ణ మూత ఎత్తి చూశాడు.

"గోనె తీసెయ్ మియా."

"ఆగుతది సార్."

"ఆగనీ."

జానీ మియా ఆయన మొహంలోకి చూసి గోనె విప్పాడు. ముందు సీట్లో కుండ పెట్టి, చుట్టూ ఆ శాలువా చుట్టాడు మురళీకృష్ణ. ఒక్క సెల్ఫ్‌కే కారు లేచింది. అడవి దారంతా వడగాలి. తారు కరిగి చక్రాలకు అంటుకుంటోంది. సారపాక దాటింది. వంతెన మీద ఒక్క బండి లేదు. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటిపోయింది. నడిమధ్యకు వచ్చాక ఆయన వేగం తగ్గించాడు. మొదటి గేరులోకి దించాడు. కింద నది, అవతల గోపురం. పక్కన శాలువా మీద చెయ్యి వేసి ఎదురుచూశాడు.

నలభై ఏళ్లలో మొదటిసారి సవతి ఎక్కడా ఆగలేదు.