మంత్రిగారు గ్రేట్, అండ్...

ఆ తల్లికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తనకు ఇంగ్లీషు రాదని కూతురికి తెలిసిపోవడం. జ్వరాలన్నా, వీధికుక్కలన్నా, ఇంటి ఓనరమ్మన్నా కూడా భయమే గానీ, అవన్నీ వెనక వరసలో కూర్చునే భయాలు.

తమ్ముణ్ణి ఎత్తుకునే మనిషి లేక ఆమెను ఏడో తరగతి మధ్యలో బడి మాన్పించారు. అప్పటికి ఇంగ్లీషు పుస్తకంలో తాబేలు పాఠం దాకా వచ్చింది. ఆ తాబేలు చివరికి ఎటు పోయిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. అయినా మూడో తరగతి చదివే కూతురి హోంవర్కు రోజూ చూసేది. చూడటమంటే అచ్చంగా చూడటమే. కళ్ళను ఎడమ నుంచి కుడికి నడిపించి, మధ్యలో ఓ చోట ఆపి, "ఊఁ" అని, టిక్కు కొట్టి సంతకం పెట్టేది. అనుమానం రాకుండా అప్పుడప్పుడూ, "ఇక్కడ కుదర్లేదు, మళ్ళీ రాయి" అనేది. ఆ పిల్ల మళ్ళీ రాసేది. మళ్ళీ టిక్కు పడేది.

ఇలా గుట్టుగా సాగుతున్న సంసారంలోకి విద్యామంత్రిగారు అడుగుపెట్టారు.

మంత్రిగారి గురించి పాఠకులకు కొత్తగా చెప్పేదేముంది. పిల్లల ఇంగ్లీషు ఎలా బాగుపడుతుందని విలేకరులు అడగ్గానే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "అమ్మే అసలైన ఇంగ్లీషు టీచరు" అనే మహా పథకం ప్రకటించారు. ఆలోచనతో కాలయాపన చేసే అలవాటు ఆయనకు మొదటినుంచీ లేదు. బడికొక తల్లి చొప్పున ఆయన ఎదుట నిలబడి ఇంగ్లీషులో ఓ వాక్యం చెప్పాలి.

"వాక్యం దేని గురించండీ?" అన్నాడో విలేకరి.

"తల్లులకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చాం. నా గురించి ఏదైనా చెప్పొచ్చు" అన్నారు మంత్రిగారు.

మర్నాడే హెడ్‌మిస్ట్రెస్ నుంచి ఆమెకు కబురొచ్చింది.

"మన బడి తరఫున నువ్వేనమ్మా."

"నేనా మేడం? నాకు గొంతు బాగోదండీ."

"పాట కాదు, వాక్యం. బడి మొత్తానికి రోజూ పిల్ల పుస్తకం దిద్ది సంతకం పెట్టే తల్లివి నువ్వొక్కదానివే. పైకి పంపే రిపోర్టుల్లో నీ సంతకాలే చూపిస్తున్నాం, తెలుసా?"

నాకు రాదు మేడం అనడానికి ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో నిలబడి వింటున్న కూతురి మొహం చూసింది. కరెంటు పోయి వచ్చిన ఇల్లులా ఉంది ఆ మొహం.

"అలాగే మేడం" అంది.

శిక్షణ ఇవ్వడానికి ప్రభుత్వం ఒక ట్రైనింగ్ ఆఫీసర్‌ని పంపింది. ఆయన తరగతి గదిలో తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి, బోర్డు తుడిచి విషయంలోకి దిగాడు.

"చాలా తేలికమ్మా. ముందు మనిషి గుణం చెప్పే మాట ఒకటి వేస్తాం. రెండు గుణాల్ని అతికించడానికి మధ్యలో అండో, బట్టో పెడతాం. ఆ గుణం ఎవరిమీద, ఎందులో అన్నది చెప్పడానికి వెనకాల ఓ తోక తగిలిస్తాం. అంతే."

అని బోర్డు మీద రాశాడు. అవర్ మినిస్టర్ ఈజ్ సింపుల్ బట్ స్ట్రాంగ్, కైండ్ టు ద పూర్, అండ్ ఆనెస్ట్ ఇన్ పబ్లిక్ లైఫ్. మన మంత్రిగారు నిరాడంబరులు కానీ గట్టివారు, పేదల మీద దయగలవారు, ప్రజాజీవితంలో నిజాయితీపరులు అని అర్థం కూడా చెప్పాడు. ఆ వాక్యాన్ని ఫోనులో మంత్రిగారి పేషీకి చదివి వినిపించాడు. వినిపిస్తూ నిటారుగా నిలబడ్డాడు.

"చిత్తం సార్... నిజమే సార్, పొగడ్తలో 'కానీ' ఏంటి, ప్రతిపక్షం భాషలాగా. తీసేస్తున్నా సార్." బట్ చెరిపి అండ్ పెట్టాడు.

"అవును సార్, పేదరికం పోయిందని మొన్ననే ప్రకటించాం. దయ చూపించడానికి పేదలు ఎక్కణ్ణుంచి వస్తారు?" ఒక తోక పోయింది. తోక పోయిన దయ బిత్తరచూపులు చూస్తుంటే దాన్నీ చెరిపేశాడు.

"స్ట్రాంగ్ కూడా వద్దా సార్? ఓహో, ఒంట్లో బాగోలేదని కోర్టుకు చెప్పుకున్నాం కదా." స్ట్రాంగ్ పోయింది. కొత్త కార్లు వచ్చిన కారణంగా సింపుల్ కూడా పోయింది.

"ప్రజాజీవితంలో అంటే, మిగతా జీవితం మాటేంటని అడుగుతారు సార్. బాగా చెప్పారు." రెండో తోక కూడా పోయింది. ఆనెస్ట్ ఒక్కటే మిగిలింది. ఆఫీసర్ దాని వంక చాలాసేపు చూశాడు.

"ఇది ఒంటరిగా నిలబడేట్టు లేదు" అని తుడిచేశాడు.

చివరికి పేషీవారు చెప్పగా అవర్ మినిస్టర్ ఈజ్ పక్కన గ్రేట్ అని ఒక మాట రాశాడు. దాని తర్వాత వరసగా అండ్, అండ్, అండ్ మిగిలాయి. మధ్యలో ఖాళీలు.

"ఖాళీల్లోకి మాటలు పేషీ నుంచి వస్తాయమ్మా. అండ్‌లకు మాత్రం ఆమోదం వచ్చేసింది. ఈలోగా అవి బాగా ప్రాక్టీసు చెయ్యి."

ఆమె బట్టలు ఇస్త్రీ చేస్తూ ప్రాక్టీసు చేసింది. టైర్ల షాపు నుంచి వచ్చిన మొగుడు కాసేపు విన్నాడు.

"ఏంటే అది?"

"అండ్."

"అంటే?"

"ఇంకా ఉంది అని."

"ఏముంది?"

"అది ఇంకా రాలేదు."

"అయితే గవర్నమెంటుదే" అని ఆయన స్నానానికి వెళ్ళాడు.

కూతురు మాత్రం ఊరుకోలేదు. "అమ్మా, బోర్డు మీద కైండ్ టు అని రాశారుగా. ఆ టు ఎందుకే?"

ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఆగింది. "అది గౌరవానికి పెడతారమ్మా. మనం గారు అనమూ, అలాగ."

మర్నాడు హోంవర్కులో ఆ పిల్ల మై ఫాదర్ టు, మై గ్రాండ్‌మదర్ టు అని రాసింది. తల్లి టిక్కు కొట్టి సంతకం పెట్టింది.

సభ రోజు రానే వచ్చింది. మాటలు మాత్రం రాలేదు. "పేషీలో చర్చ నడుస్తోంది, నువ్వు మొదలెట్టు, ఈలోపు వచ్చేస్తాయి" అని ఆఫీసర్ ఆమెను వేదిక ఎక్కించాడు. పక్కన కూతురు. ఆ చిన్న చేతిని ఆమె పట్టుకుందో, అది ఆమెను పట్టుకుందో చెప్పడం కష్టం.

"అవర్ మినిస్టర్ ఈజ్ గ్రేట్" అంది. చప్పట్లు కొట్టారు.

"అండ్..." అని కిందికి చూసింది. ఆఫీసర్ ఫోను చెవికి ఆనించుకుని తల అడ్డంగా ఊపాడు.

"అండ్..." అంది. చప్పట్ల కోసం ఆగిందనుకుని కార్యకర్తలు మళ్ళీ కొట్టారు.

"అండ్..." అంది. ఈసారి కళ్ళు మూసుకుంది. హాలంతా లేచి నిలబడింది.

మంత్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మైకు అందుకున్నారు. "చూశారా. నా గుణాలు చెప్పబోయి ఆ తల్లికి మాటలు చాలలేదు." తర్వాత పిల్ల వైపు వంగారు. "నీకు ఇంగ్లీషు ఎవరు చెప్తారు పాపా?"

"మా అమ్మండి."

"మరి బళ్ళో?"

"బళ్ళో ఇంగ్లీషు టీచరు లేరండి. రెండో క్లాసప్పట్నుంచీ లేరు. మా అమ్మే దిద్దుతుంది."

హెడ్‌మిస్ట్రెస్ తలెత్తి ఫ్యాను వంక చూడసాగింది. తల్లికి కాళ్ళ కింద వేదిక కదిలినట్టయింది. మంత్రిగారు మాత్రం కదల్లేదు. ఇలాంటి సమయాల్లోనే ఆయన ఘనత బయటపడుతుంది.

"ఇలాంటి తల్లులుండగా టీచర్లెందుకు? ఖాళీగా ఉన్న ఇంగ్లీషు టీచరు పోస్టులన్నీ ఇప్పుడే రద్దు చేస్తున్నాను. ఈ తల్లిని ఈ బడికి గౌరవ ఇంగ్లీషు టీచరుగా నియమిస్తున్నాను."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆ పిల్లే.

ఆ విధంగా ఆమె గుట్టును ప్రభుత్వమే కాపాడింది. ఇప్పుడామె రోజూ బోర్డు ముందు నిలబడుతోంది. మొదటి రోజు తాబేలు పాఠం తీసింది. నిన్నటికి కూడా తాబేలు అక్కడే ఉంది. పిల్లలు మాత్రం అండ్ చాలా బాగా అంటున్నారని పై అధికారులు రాసుకుని వెళ్ళారు.

ఇది చదివేవారిలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళుంటే ఒక్క మనవి. ఆ బడి వైపు వెళ్ళినప్పుడు మూడో తరగతిలో తొంగి చూడండి. మొదటి బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల. దాని పుస్తకం ఒక్కసారి తిరగేసి దిద్దిపెట్టండి. టిక్కుల్ని పట్టించుకోకండి. టీచరమ్మ చాక్‌పీసు కోసం బయటికి వెళ్ళినప్పుడు చూడండి. ఆవిడ కాస్త ఆలస్యంగానే వస్తుంది.