యాభై వాట్ల తోక

ఆ శనివారం ఉదయం కొత్త కోడలు వేసుకున్న పథకం చిన్నదే. తను కడుతున్న గిటార్ ఆంప్లిఫయర్‌లో మిగిలిన ఒక్క రెసిస్టర్ అతికించాలి, సాయంత్రం నాలుగింటికి ఆడపడుచు భర్త ముందు మోగించాలి. ఆయన రేడియో మెకానిక్. "పుస్తకాలు చూసి కట్టిన డబ్బాలోంచి పొగ వస్తుంది గానీ పాట రాదు చెల్లెమ్మా!" అని పందెం కాశాడు. పొగ వస్తే ఆమె మొగుడి గిటార్ ఆయనింటికి వెళ్ళిపోతుంది. పెళ్ళయిన ఈ మూడు నెలల్లో మొగుడు దానిమీద వాయించింది ఒకే పాట, అదీ సగమే. ఆ సగం పాటంటే ఆమెకు ప్రాణం.

రెసిస్టర్ కరెంటుకి అడ్డుపడి వేడెక్కుతుంది. ఎంత వేడికి ఓర్చుకుంటుందో వాట్లలో చెబుతారు. ఆమె లెక్కలో ఆ వేడి ఒక వాట్‌కి కాస్త తక్కువ వచ్చింది. లెక్కకి రెట్టింపు కొనాలన్నది సూత్రం. వారం రోజులుగా అన్నం వడ్డిస్తూ కూడా ఇంటిల్లిపాదికీ ఇదే నూరిపోస్తోంది. చీటీ మీద "రెండు వాట్లు" అని రాసి స్నానానికి వెళ్ళింది.

చీటీ మొగుడి కంటబడింది. 'పాపం, హడావుడిలో రెట్టింపు చెయ్యడం మరిచిపోయినట్టుంది' అనుకుని రెండుని నాలుగు చేశాడు. ప్రేమ ఇంకాస్త పొంగి అయిదు చేశాడు. దారాలకోసం బజారుకి బయల్దేరిన అత్తగారి చేతికిచ్చాడు. ఆవిడ ముప్పై ఏళ్ళుగా దర్జీ. అరంగుళం అదనంగా వదలనిదే కత్తెర పట్టదు. "కోడలు రెట్టింపంటుంది, వీడేమో అయిదంటాడు" అని గొణుక్కుని దుకాణంలో పది వాట్లది అడిగింది.

"పదివి అయిపోయాయమ్మా. యాభై ఉంది. కరెంటుని అడ్డుకునే విలువ అదే, వేడిని ఓర్చే బలం ఎక్కువ" అన్నాడు కొట్టువాడు.

"ఎక్కువైతే కుట్లు విప్పుకోవచ్చు. ఇచ్చెయ్ నాయనా!"

ఇంటికొచ్చింది అరచెయ్యంత పొడవున్న పింగాణీ గొట్టం. కోడలు కెవ్వుమంది. "అత్తయ్యా, నేనడిగింది చిటికెన వేలి గోరంతది! ఇది డబ్బాలో ఎలా పడుతుంది?"

"పట్టకపోతే బయట పెట్టు. జేబులు బయట కుట్టడం లేదూ?"

దుకాణం మధ్యాహ్నమే మూసేశారు. వేరే దారిలేక గొట్టాన్ని డబ్బా వెనక బిగించారు. పట్టీలు లేకపోతే మొగుడు కిటికీకున్న కర్టెన్ కొక్కేలు ఊడదీశాడు. కర్టెన్ కర్రతో సహా వచ్చి అతని నెత్తిన పడింది. సరిగ్గా అప్పుడే ఆ బోసి కిటికీలోంచి పందెం కాసిన బావ తల కనిపించింది. చేతిలో ఇసుక బకెట్.

"పొగొస్తే పనికొస్తుందని తెచ్చాను" అన్నాడు. వెనక తోకలా నిలబడ్డ గొట్టాన్ని చూసి పడీపడీ నవ్వాడు. "దీనికి రెండు వాట్లు చాలు చెల్లెమ్మా! చీమకి రోడ్డు వేశావేం?"

"నేనూ రెండే రాశాను అన్నయ్యగారూ! కావాలంటే చూడండి" అని ఉక్రోషంగా లెక్కల కాగితం ఆయన ముందు పరిచింది.

పరిచాక తనే చూసింది. సర్క్యూట్ బొమ్మలో శబ్దాన్ని పెంచే గాజు బల్బులు, అంటే వాల్వులు, రెండున్నాయి. ఆ రెండింటి కరెంటూ ఈ ఒక్క రెసిస్టర్‌లోంచే పోతుంది. తను లెక్కేసింది ఒక్కదాని కరెంటే. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. అంటే దాదాపు మూడున్నర వాట్లు.

ఆమె కాగితం మెల్లగా మడిచింది. "ఏమండీ, వాయించండి."

వాల్వులు నారింజరంగులో వెలిగాయి. మొదటి తీగ మీటగానే కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మొగుడు సగం పాట వాయించి ఆగలేదు, మిగతా సగం కూడా వాయించాడు. ఆమె కళ్ళు చెమర్చాయి. గంట గడిచింది. వాసన లేదు, పొగ లేదు. గొట్టం గోరువెచ్చగా ఉంది.

"ఒప్పుకుంటున్నాను" అన్నాడు బావ. "కానీ రెండు వాట్లది పెట్టినా ఇలాగే మోగేది."

"మోగేది అన్నయ్యగారూ, కాసేపు. తర్వాత మీ బకెట్ పనికొచ్చేది" అని ఆమె కాగితం విప్పి రెండో వాల్వు మీద వేలుపెట్టింది. "నేను తప్పు లెక్కేశాను. మీరూ రెండు చాలన్నారు."

బావ కాగితాన్నీ, బకెట్‌నీ, గొట్టాన్నీ వరసగా చూశాడు. "అయితే సరిగ్గా లెక్కేసింది ఎవరు?"

అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "ఎవరూ వెయ్యలేదు నాయనా. అందుకే అరంగుళం వదిలాను."

మర్నాడు కర్టెన్ తిరిగి బిగించేటప్పుడు, మొగుడు రెండు మేకులు చాలన్నాడు, ఎనిమిది కొట్టారు.