సగం దించిన షట్టరు

ఒక దుకాణపు షట్టరు నేలకు ఎన్ని మూరల ఎత్తున ఆగిందన్న దానిపైనే పట్టణాల శాంతిభద్రతలు ఆధారపడి ఉంటాయి. రాజనీతి పండితులు ఈ సత్యాన్ని ఇంతవరకు గ్రహించలేదు. వారిలో ఎవరూ 2011 జూన్ నెలలో సిద్దిపేట పాత బస్టాండు వెనుక సందులో లేకపోవడమే అందుకు కారణం.

ఆ సందులో షబ్బీర్ అనే నలభై రెండేళ్ల గృహస్థుకు ఒక డీటీపీ సెంటరు ఉండేది. సెంటరంటే ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ప్రింటరు, వాటి నడుమ పట్టపుటేనుగులా కూర్చున్న ఒక కంప్యూటరు. వెనక్కి ఉబ్బిన దాని తెర గోడను ఆనుకుని ఉండేది. భార్య షమ్షున్నీసా పాత పరదా కత్తిరించి దానికి ముసుగు కుట్టి ఇచ్చింది. రోజూ పొద్దున షబ్బీర్ ఆ ముసుగును తీసి, నాలుగు మడతలు పెట్టి, కళ్లకద్దుకోవడమొక్కటే తక్కువగా సొరుగులో దాచేవాడు. ఇంట్లో బియ్యమైనా, కూతురు అర్షీన్ చదువైనా ఆ తెరలోంచి రావలసిందే.

ఆ బుధవారం కార్యక్రమం చాలా సామాన్యమైనది. రోడ్డుకు అవతల తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షల శిబిరం నడుస్తున్నది. రోజుకొక సంఘం వచ్చి కూర్చునేది. ఏ రోజు ఎవరి వంతో తెలిపే కరపత్రాన్ని వారం వారం షబ్బీరే టైపు చేసి ఇచ్చేవాడు. శిబిరం కన్వీనరు రాజమల్లయ్య పది గంటలకు వచ్చి పేర్లు చెప్పాలి. పది దాటింది. రాజమల్లయ్య రాలేదు.

రాకపోవడానికి కారణం గడపలోంచే కనిపించింది. లెక్కల సారు ప్రభాకర్ హైదరాబాదు నుంచి టచ్ ఫోను కొని తెచ్చి పది రోజులైంది. నాటి నుంచి ఆయన లెక్కలు తగ్గించి భవిష్యత్తు చెప్పసాగాడు. నిన్ననే దుకాణం ముందు నిలబడి, నలుగురూ వినేలా అన్నాడు: "షబ్బీర్ భాయ్, ఇంక రెండేండ్లు. అటెన్క నీ డబ్బను పాత సామాన్ల దుర్గయ్య గూడ కొనడు."

ఇప్పుడా సారు శిబిరంలో ఉన్నాడు. రాజమల్లయ్య ఆ ఫోనును తీర్థం పట్టినట్టు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. షబ్బీర్ చాయ్ నెపం పెట్టుకుని రోడ్డు దాటి, తొంగిచూశాడు. చూడకుండా ఉండవలసింది. అరచేయంత అద్దంలో పోయిన వారం కరపత్రం ధగధగలాడుతున్నది. అదే పూల అంచు, అవే అక్షరాలు.

"ఎంత సాపుగ కనవడుతున్నయే," అన్నాడు రాజమల్లయ్య. "జేబుల పట్టె వస్తువు."

"ఇగ అన్నీ దీంట్లనే, మల్లన్నా," అన్నాడు ప్రభాకర్.

షబ్బీర్ చాయ్ తాగకుండానే వెనుదిరిగాడు. తాను గంటన్నర కూర్చుని చేసే పనిని ఫోను జేబులో ఉండే చేసేసిందని ఆయనకు నిస్సందేహంగా తోచింది. రెండేళ్లన్న గడువు ఒక్క రాత్రిలో తీరిపోయింది. దుకాణానికి తిరిగివచ్చి, ఈ వార్త ఊరంతా పాకకముందే కంప్యూటరును వదిలించుకోవాలని దుర్గయ్యకు ఫోను చేసి బండి తెమ్మన్నాడు. అయితే, పక్కన పూలమ్మే రాధమ్మ చూస్తుండగా ఏనుగు కాళ్లు విరిచే ధైర్యం ఆయనకు లేదు. అందుకని షట్టరును సగం దించి, నేలమీద కూర్చుని, టార్చి వెలుగులో వైర్లు పీకసాగాడు.

ఆ రోజుల్లో సిద్దిపేటలో పదిన్నరకు దిగిన షట్టరుకు అర్థం ఒక్కటే, బంద్. కారణం అడుగుతూ నిలబడితే ముందు అద్దాలు పగులుతాయి, తరువాత జవాబు వస్తుంది. రాధమ్మ దండలు గంపలోకి ఎత్తింది. ఆమెను చూసి మిఠాయి దుకాణం జిలేబీ మూకుడు దించింది. దాన్ని చూసి మందుల దుకాణం, దాన్ని చూసి పక్క సందు మూతపడ్డాయి. చింతమడక ఆటోలు ఖాళీగా పరుగెత్తాయి. కోహెడ బస్సు ఊరి పొలిమేరలోనే వెనుదిరిగింది.

లోపల షబ్బీర్ ఒక్కొక్క షట్టరు పడుతున్న చప్పుడు విన్నాడు. తనకు తెలియకుండా ఏదో పెద్ద బంద్ మొదలైందనుకున్నాడు. దైవికంగా తన షట్టరు అప్పటికే సగం దిగి ఉన్నందుకు అల్లాకు కృతజ్ఞత చెప్పుకుని, మిగిలిన సగమూ దించేశాడు. దాంతో వీధికి మిగిలి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

ఇంటి నుంచి షమ్షున్నీసా ఫోను చేసింది. "బడి ఇడిసిపెట్టిన్రని అర్షీన్ ఇంటికొచ్చింది. బంద్ ఎవరు పిలిచిన్రు జీ?"

"పెద్దోళ్లే పిలిచి ఉంటరు. నువ్వు తలుపేస్కో."

దుర్గయ్య కూడా ఫోను చేసి, బందులో బండి తీసే దమ్ము తనకు లేదన్నాడు.

అందరికన్నా ఘోరమైన అవస్థ రాజమల్లయ్యది. తన ఊళ్లో బంద్ జరుగుతుంటే కన్వీనరుకే తెలియదు. మెల్లగా నలుగురు నాయకులను కదిపి చూశాడు. తెలియదనడం ఎవరికి మాత్రం మర్యాద? ముందే తెలుసునని నలుగురూ గంభీరంగా చెప్పారు.

పన్నెండు గంటలకు ఎస్సై జీపు దిగాడు. ఆయన విచారణ ఏటి పుట్టుక వెదికినట్టు సాగింది. మందుల దుకాణం మిఠాయి దుకాణాన్ని చూపింది, అది రాధమ్మను చూపింది, రాధమ్మ వేలెత్తి షబ్బీర్ షట్టరును చూపింది. లాఠీ దెబ్బకు షట్టరు అడుగెత్తు లేచి, దాని కిందినుంచి మౌసును గుండెకు హత్తుకున్న షబ్బీర్ బయటికి పాకాడు.

"మొదాలు దించింది నువ్వేనంట. ఎవరు చెప్తె దించినవు?"

ఆ బంద్ తన షట్టరుతోనే పుట్టిందని షబ్బీర్‌కు అప్పుడు తెలిసింది. ఒక ఫోనుకు జడిసి ఊరును మూయించానని చట్టం ముందు ఏ నోటితో చెప్పడం? జీపును చూసి ప్రభాకర్‌తో పాటు శిబిరం నుంచి వచ్చిన రాజమల్లయ్య ఆయన మౌనాన్ని వీరమౌనంగా భావించి భుజం తట్టాడు. ఎస్సై మాత్రం, బందుకు కారణం అర్ధగంటలో కాగితం మీద రాకపోతే కేసు షబ్బీర్ పేరు మీదే ఉంటుందని ప్రకటించాడు.

"కారణం నేను చెప్త. నువ్వు కొట్టు, షబ్బీర్ భాయ్," అన్నాడు రాజమల్లయ్య.

"కంప్యూటర్ ఊడదీసిన, మల్లన్నా," అన్నాడు షబ్బీర్ పీలగా. "సార్ ఫోన్ల కొట్టియ్యరాదు? పోయిన వారం కాయితం దాంట్లనే కొట్టె గద."

అందరూ ప్రభాకర్ వైపు తిరిగారు. ఆయన అద్దం మీద వేలు రాశాడు. తెలుగు అక్షరం కావలసిన చోటల్లా ఒక ఖాళీ గడి వచ్చింది. మళ్లీ రాశాడు, గడుల బారు పెరిగింది. ఎస్సై ఆ ఫోను లాక్కుని, పాత కరపత్రం తీసి, రెండు వేళ్లతో పెద్దది చేసి, కనుబొమలు ముడిచాడు.

"గీ అచ్చరాల ఎనుక ఆవులిస్తున్న మనిషి ఎవరయ్యా?"

పూల అంచు నడుమ, కళ్లద్దాలు నుదుటిమీదికి తోసుకుని, నోరు బార్లా తెరిచి, షబ్బీర్ ప్రతిబింబం ఉన్నది.

"నీ తెరనే ఫోటో దీసిన భాయ్," అన్నాడు ప్రభాకర్ నేల చూపులు చూస్తూ. "నేను కొట్టిన అని ఎన్నడు చెప్పిన?"

షబ్బీర్ షట్టరు మీద చేతులు వేశాడు. ఒక్క తోపుకు షట్టరు పైకప్పును తాకింది. వైర్లన్నీ వాటి వాటి రంధ్రాలు చేరాయి. పట్టాభిషేక గాంభీర్యంతో ఆయన మీట నొక్కాడు. ఏమీ కాలేదు. బంద్ అన్న మాట చెవిన పడగానే లైన్‌మన్ దత్తాత్రి, ఉద్యమానికి తన వంతుగా, సందు మొత్తానికి ఫ్యూజులు పీకి ఇంటికి వెళ్లి ఉన్నాడు.

ఈలోగా షబ్బీర్ షట్టరు పైకి లేచింది చూసి రాధమ్మ దండలు మళ్లీ బయట వేలాడదీసింది. మిఠాయి దుకాణం మూకుడు పొయ్యెక్కింది. బంద్ వచ్చిన దారినే పోయింది. అయినా ఎస్సైకి కాగితం కావాలి, గడువు నాలుగు నిమిషాలే ఉంది.

రాజమల్లయ్య పాత కరపత్రం ఒకటి తిరగేసి, ప్రింటరును బల్లగా చేసుకుని, ప్రత్యేక తెలంగాణ కోరుతూ సిద్దిపేట ప్రజలు స్వచ్ఛందంగా రెండు గంటల బంద్ పాటించి శాంతియుతంగా ముగించారని స్వహస్తంతో రాసి, సంతకం చేశాడు. ఎస్సై రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. కేసు తప్పింది. రాజమల్లయ్య ఆ నిలుచున్న చోటనే వచ్చే వారం దీక్షకు కూర్చునేవారి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. మొట్టమొదటి పేరు, బందుకు ఆద్యుడు కనుక, షబ్బీర్‌దే.

ఆ కాగితం రాసిన పెన్ను మాత్రం ఎస్సైది.